మూడు గంటల దూరం

ఎంత దూరమని అడిగితే కిలోమీటర్లలో చెప్పేవాణ్ని కట్టమ్మ మనిషి కింద జమకట్టదు. "కిలోమీటర్లు ఎవనికి గావాలె? ఎప్పుడు బయలెల్లితె ఎప్పుడు జేరుతమో జెప్పు" అంటుంది. వరంగల్ కొత్తవాడలో ఆమె నోటికి జడవనివాళ్లు లేరు కాబట్టి అందరూ బుద్ధిగా గంటల్లోనే చెబుతారు. నర్సంపేట గంట. హైదరాబాదు మూడున్నర. భీవండి ఒక రాత్రి, ఒక పూట.

ఈ కొలత అత్త శ్యామలమ్మ పెట్టిపోయింది. శ్యామలమ్మ అన్న షోలాపూరు మిల్లులో పనిచేస్తూ పోయాడు. కబురంది, రైళ్లు మారి, ఈమె అక్కడ కాలుపెట్టేసరికి బూడిద కూడా ఎత్తేశారు. ఆనాటి నుంచి ఆ ఇంట్లో ఒకటే శాస్త్రం. పిల్లనిచ్చినా, మనిషిని పనికి పంపినా మొదట అడగాల్సిన మాట ఒకటుంది: "కడసూపుకు అందుతడా?" పోయినవాడి మొఖం ఇంకా నేలమీద ఉండగా చూడగలిగితే దగ్గర. చూడలేకపోతే దూరం. మధ్యలో ఇంకో లెక్క లేదు.

శ్యామలమ్మ కొడుకు, కట్టమ్మ మొగుడు పెద్దులు ఈ గొడవల్లోకి వచ్చేవాడు కాదు. ఆయనకు నోరు తక్కువ, నవ్వు ఎక్కువ. ముప్పై ఏళ్లు మొగుడూ పెళ్లాం ఒకే మగ్గం గుంటలో పక్కపక్కన కూచుని జంపఖానాలు నేశారు. పెళ్లిళ్లలో, సభల్లో కింద పరిచే వెడల్పాటి జంపఖానా ఒక్కరి వల్ల అయ్యేది కాదు. ఎడమ నుంచి ఒకరు దారం చుట్టిన నాడె విసిరితే కుడి నుంచి ఇంకొకరు అందుకోవాలి, అందుకుని తిరిగి విసరాలి. తర్వాత ఇద్దరూ కలిసి ఇనుప పంజాతో దారాన్ని కిందికి కొట్టాలి. ఎడమ పెద్దులు, కుడి కట్టమ్మ. మగ్గం ఆడినంతసేపూ కట్టమ్మ నోరూ ఆడేది. నాడె మెల్లగా వచ్చిందని ఒకసారి, వంకరగా వచ్చిందని ఒకసారి, చాయ తాగుతూ మరిచిపోతే అసలు రాలేదని ఒకసారి. ఆయన నవ్వి మళ్లీ విసిరేవాడు. వాళ్లకు పిల్లలు కలగలేదు. ఆ బాధ మొదటి పదేళ్లు బాగా కాల్చి, తర్వాత దానంతటదే చల్లారింది.

టెంటు హౌసులవాళ్లు ప్లాస్టిక్ చాపలకు మళ్లాక పెద్ద జంపఖానా అడిగేవాడే కరువయ్యాడు. చాలా రోజులకు ఒక గుడి కమిటీ నుంచి పని వస్తే సగం దాకా నేశారు. అంతలో కమిటీలో వాళ్లకూ వాళ్లకూ పడక, జంపఖానా లేదు గింపఖానా లేదు పొమ్మన్నారు. ఎర్రని అంచు, నల్లని గళ్లు, సగం నేసిన ఆ జంపఖానా మగ్గం మీదే ఉండిపోయింది.

సరిగ్గా అప్పుడు దిగాడు వీరభద్రం మేస్త్రీ. కాశిబుగ్గ మనిషి. ఎక్కడెక్కడి సొరంగాల పనులకో, డ్యాముల పనులకో మనుషుల్ని తోలే మేస్త్రీ. ఆయన అరుగు మీద కూచున్నాడంటే ఆ ఇంట్లో ఒక చెప్పుల జత తగ్గుతుందని వాడకట్టులో అనుకుంటారు.

"మనోళ్లు నూరు మంది దాక సొరంగం తవ్వుతాండ్లు వదినె. ఆడి తిండి ఆళ్లకు వడ్తలేదు. మెస్సుల మన పచ్చిపులుసు, మన పప్పు చేసెటోడు గావాలె. పెద్దులన్న అయితె మంచిగుంటది" అన్నాడు వీరభద్రం.

కట్టమ్మకు నవ్వాగలేదు. "ఈయననా? చాయ తాగిన గిలాస గూడ కడగడు. నూరు మందికి వండుతడా? తిన్నోళ్లు సొరంగంలనే పండుకుంటరు."

పెద్దులు నవ్వాడు. కానీ ఆ నవ్వులో ఆయన చూపు మగ్గం మీదికి పోయి వచ్చింది. అది కట్టమ్మ చూసింది. నవ్వు మానేసి అడగాల్సింది అడిగింది.

"ఎంత దూరం?"

"దేశంలనే గద వదినె."

"దేశం పేరు అడగలే. ఎంత దూరం?"

"అరుణాచలం."

కట్టమ్మ మొఖం విప్పారింది. "గిరి ప్రదక్షిణ జేసెటి అరుణాచలమా? అయ్యో, గదెంత! మొన్న మనోళ్లు బస్సు మాట్లాడుకోని పోయిరాలే? రాత్రి ఎక్కుతె తెల్లారి దిగుడే. పో అయ్యా, దేవుని కాడికి పోతానంటె నేనొద్దంటనా?"

వీరభద్రం అబద్ధం ఆడలేదు, నిజమూ చెప్పలేదు. తమలపాకు నమలడం మాత్రం ఎక్కువైంది. పక్కింటి హారిక, హనుమకొండలో డిగ్రీ చదివే పిల్ల, గోడవతల బట్టలు ఆరేస్తూ అంతా విని ఉండబట్టలేక పలికింది.

"పెద్దమ్మా, గుడి ఉన్నది తమిళనాడుల. సొరంగాలంటాండంటె అది అరుణాచల్ ప్రదేశ్. చైనా పక్కపొంటి."

ఇక చూడాలి. కట్టమ్మ వీరభద్రాన్ని, ఆయన తమలపాకును, ఆయన ఏడుతరాల వాళ్లను వరుసగా పలకరించింది. చైనా పక్కన చచ్చినోని మొఖం ఎవడు చూపిస్తాడని అడిగింది. వీరభద్రం లేచి చెప్పులు వెతుక్కుంటున్నాడు. అప్పుడు పెద్దులు మెల్లగా అన్నాడు.

"జర ఫోన్ల సూడు బిడ్డా, హారికా. గాలిమోటరుకు ఎంత సేపో."

గోడ దాటి వచ్చి హారిక ఫోను తీసింది. అక్కడి ఊరి పేరు తేజు అనీ, అక్కడొక చిన్న ఎయిర్‌పోర్టు ఉందనీ వీరభద్రమే చెప్పాడు. పిల్ల ఒక గడిలో వరంగల్ అని కొట్టింది, ఇంకో గడిలో తేజు అని కొట్టింది. ఫోను క్షణం కూడా ఆలోచించలేదు. మామునూరు దగ్గర ఒక చుక్క, దేశం కొసన ఒక చుక్క, రెంటికీ మధ్య నీలం గీత. కింద అంకెలు. రెండు వేల ఇరవై కిలోమీటర్లు. విమానానికి మూడు గంటలు.

మామునూరు సంగతి తెలియనివాడు వరంగల్‌లో లేడు. ఎప్పుడో పాత కాలంలో అక్కడ విమానాలు దిగేవట. ఇప్పుడు గడ్డి మొలిచిన రన్‌వే, చుట్టూ గోడ, మేకలు. మళ్లీ వస్తుంది, ఇదిగో వస్తుంది, కొలతలు తీస్తున్నారు, రాళ్లు పాతుతున్నారు అని పేపర్లో రాని నెల లేదు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. ఫోనుకు పాపం ఆ సామెత తెలియదు. అడిగారు కాబట్టి లెక్కగట్టి చెప్పింది. ఎగరని విమానానికి కూడా గంటలు కట్టే తెలివి మనిషి దానికి నేర్పి పెట్టాడు.

"కని పెద్దమ్మా, డైరెక్టు ఫ్లైటు..." అని హారిక ఏదో చెప్పబోయింది.

ఎవరు వింటారు? పెద్దులు ఫోను చేతిలోకి తీసుకుని ఆ గీతను కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాడు. పడుగు పోగు బిగించి కట్టినట్టు తిన్నగా ఉంది. నేతగాడు తిన్నగా ఉన్న పోగును నమ్మకుండా ఉండలేడు.

"మూడు గంటలే కట్టమ్మా. హైదరాబాదు కన్న దగ్గర."

కట్టమ్మ కూడా చూసింది. చదువు రాకపోయినా అంకెలు వచ్చు. మూడు. అంతకు మించి ఆమె అత్త శాస్త్రంలో అడగడానికి ఏమీ మిగల్లేదు. కడసూపుకు ఒకటికి రెండుసార్లు అందుతుంది. ఆమె ఒప్పుకున్నది ఆ అంకెను చూసి. ఈ మాట ఆమె తర్వాత వెయ్యిసార్లు అనుకుంది.

ఉగాది దాటాక పెద్దులు పోయాడు. రైలెక్కి, దిగి, ఇంకో రైలెక్కి, బస్సెక్కి, జీపెక్కి, నదులు దాటి, కొండలెక్కి పోయాడు. చేరినట్టు ఫోను వచ్చేసరికి కట్టమ్మ ఇన్ని రోజులు ఎక్కడ చచ్చావని తిట్లు లంకించుకుంది. ఆయన అక్కణ్నుంచి నవ్వాడు.

"రైలు సుట్టు తిరిగి వస్తదే. గాలిమోటరయితె మూడు గంటలే గద."

అట్లా ఆ మాట వాళ్లిద్దరికీ ఆటయింది. రోజూ సాయంత్రం మెస్సులో వంట దించి ఆయన ఫోను చేసేవాడు. ఏం వండావు, ఉప్పెక్కువైందా, ఎవడైనా తిట్టాడా అని ఈమె అడిగేది. ఆఖరుకు, పెట్టేసే ముందు, తప్పకుండా ఇదీ వరస:

"ఎంత దూరమయ్యా?"

"మూడు గంటలే."

"అయితె రా."

"వస్తాన. బియ్యం కడిగి పెట్టు."

ఒకసారి కూరగాయల బండితో తేజు బజారుకు పోయి ఆయన ఆ ఎయిర్‌పోర్టు చూసి వచ్చాడు. ఆ రోజు గొంతులో చిన్నపిల్లాడి హుషారు. "ఉన్నదే! బొత్త చిన్నది. మన మామునూరంత ఉండదు. ఎనుక కొండలు. అప్పుడప్పుడొకటి వచ్చి దిగుతదట. ఆడికీడికి గీత గీసినట్టే ఉన్నది. మామునూరుల గిట్ల షురువయితె, ఈడ ఎక్కుడు ఆడ దిగుడు." అది విన్నప్పటినుంచి కట్టమ్మ కూడా పేపరు చదివేవాళ్ల దగ్గర ఆగి మామునూరు ముచ్చట అడిగేది. భూములు ఇచ్చారా, గోడ కట్టారా, ఎప్పుడు వస్తుంది అని. దసరాకన్నా వస్తుందా అని. అడిగిన ప్రతివాడూ వస్తుందమ్మా అనే చెప్పాడు. చెప్పడానికేం పోయింది.

మగ్గం మీది సగం జంపఖానా అట్లాగే ఉంది. కోసి దించి, కాళ్ల కింద వేసుకునే చిన్న పట్టీలు నేసుకొమ్మని నలుగురూ చెప్పారు, ఒంటి చేత్తో అవి నేయవచ్చు కదా అన్నారు. "ఆయన వచ్చినంక ఇద్దరం కూసోని దించుతం" అంది. పాత చీరె కప్పింది. తాను పొరుగిళ్లకు పోయి దారం కండెలు చుట్టి రోజులు వెళ్లదీసింది. సాయంత్రాలు గుంటలో తన చోట, కుడివైపునే కూచుని ఫోను కోసం చూసేది. ఎడమవైపు ఎప్పుడూ కూచోలేదు.

శ్రావణంలో ఫోను ఒకరోజు రాలేదు. మర్నాడు వచ్చింది గానీ గొంతు ఆయనది కాదు.

"అక్కా, నేను పోశయ్యను. పరకాలోన్ని, పెద్దులన్నతోని మెస్సుల ఉంట. అన్నకు జెరం వచ్చింది. తేజు దవాఖానల ఏసినం."

ఏం జ్వరమంటే పచ్చకామెర్లో ఇంకేదో అన్నాడు. వానలు ఆగడం లేదు. ఇక్కడి దవాఖానలో తమ చేతనైంది చేస్తున్నారు గానీ పెద్ద దవాఖానకు తీసుకుపొమ్మంటున్నారు. తీసుకుపోదామంటే దారిలో కొండ జారి రోడ్డు రెండుచోట్ల కొట్టుకుపోయింది. తెరుస్తామంటున్నారు, ఎప్పుడో తెలియదు. కట్టమ్మ వీరభద్రానికి ఫోను చేసింది. అది మోగి మోగి అలిసిపోయింది. గోరుచుట్టు మీద రోకటి పోటంటే అదే.

సాయంత్రం పోశయ్య ఫోనును పెద్దులు చెవి దగ్గర పెట్టాడు.

"కట్టమ్మా." అంత చిన్న గొంతు ఆమె ఎప్పుడూ వినలేదు. "నాకు భయమైతాందే. ఈడ ఎవ్వలకు నా మాట తెల్వది. ఇంటికొస్తనే."

కట్టమ్మ ఫోనును రెండు చేతులా పట్టుకుంది. ఏడిస్తే ఆయన ఇంకా జావగారిపోతాడు. ఏం చెప్పాలి? వాళ్ల దగ్గర ఉన్న ధైర్యం ఒక్కటే.

"ఎందుకయ్యా భయం? ఎంత దూరం?"

అక్కడ వాన చప్పుడు గట్టిగా వినిపిస్తోంది.

"మూడు గంటలే" అన్నాడు.

"మరి? లేశి గాలిమోటరెక్కు. నేను మామునూరు కాడ నిలబడుత. నువ్వు దిగంగనే తోలుకొస్త."

"నిలబడుతవా?"

"నిలబడుత. ఎండైనా వానైనా నిలబడుత. నువ్వు రా."

"అయితె బియ్యం కడిగి పెట్టు."

కట్టమ్మ చెమ్మగిల్లిన కళ్లతో నవ్వింది. ఆట ఆడుతున్నాడంటే మనిషి కోలుకున్నట్టే అనుకుంది. ఆయన ఆడటం లేదని ఆమెకు ఎట్లా తెలుస్తుంది?

తెల్లారి హారికను వెంటబెట్టుకుని హనుమకొండ పోయింది. బస్టాండు దగ్గర విమానం టికెట్లు ఇచ్చే ఒక షాపు ఉంది. ఆయన రాలేకపోతే తానే పోయి తెచ్చుకుంటుంది. ఒంటి మీద ఉన్న పుస్తెలు అమ్మినా సరే. షాపాయన కంప్యూటరు చూసి, ఈమె మొఖం చూసి, మెల్లగా చెప్పాడు. ముందు హైదరాబాదు పోవాలి. అక్కడెక్కి కోల్‌కతాలో దిగి, ఇంకొకటి ఎక్కి డిబ్రూగఢ్‌లో దిగాలి. అక్కణ్నుంచి రోడ్డు. ఆ రోడ్డు ఇప్పుడు లేదు. తేజుకు వచ్చే చిన్న విమానాలు ఈ వానలకు రావడం లేదు.

"గట్ల సుట్టు తిరిగేది గాదయ్యా" అంది కట్టమ్మ. "తిన్నగ పోయేదున్నది. మూడు గంటలది. మామునూరు కాన్నుంచి. ఫోన్ల ఉన్నది, హారికా, సూపియ్యవే."

హారిక తలెత్తలేదు. షాపాయన ఆ పేజీ చూడకుండానే అర్థం చేసుకున్నాడు.

"అమ్మా, అది ఊకె లెక్క. ఆ రెండింటి నడుమ ఒక్క విమానం గూడ తిరగదు. ఎన్నడు తిరగలే. అది తొవ్వ గాదమ్మా. గీత."

"గీత ఉన్నదంటె తొవ్వ ఉండొద్దా?" అంది కట్టమ్మ. అడుగుతుండగానే జవాబు తెలిసిపోయింది. నేతపనిలో పుట్టి పెరిగిన మనిషి. పడుగు ఎంత తిన్నగా లాగినా పేక పడనిదే బట్ట కాదని ఆమెకు ఒకరు చెప్పాలా? నాలుగైదు నెలలు ఆ వట్టి పోగునే పట్టుకుని వేలాడారు, ఆయన అక్కడా తాను ఇక్కడా.

మెట్ల మీదే కూలబడింది. హారిక పక్కన కూచుని ఏడ్చింది. "నేను ఆ రోజే చెప్పబోయిన పెద్దమ్మా..."

"చెప్పినవు బిడ్డా. మేమే ఇనలే. ఇంటె ఆయన పోయెటోడు గాదు, అందుకే ఇనలే."

ఆటోలో తిరిగి వస్తుంటే పోశయ్య ఫోను. "అక్కా, అన్న దవాఖానల లేడు. సెలైను సూది ఆయనే పీక్కున్నడట. దేవులాడుతాన."

కట్టమ్మకు ఎక్కడికి పోయాడో ఆ క్షణమే తెలిసింది. నోరు తెరిచి చెప్పింది కూడా. "గాలిమోటరు కాడ సూడు పోశయ్యా. ఆడనే ఉంటడు." ఎందుకట్లా అంటున్నావని పోశయ్య అడగలేదు. హారిక అడిగింది.

అక్కడే ఉన్నాడు.

జరిగిందంతా పోశయ్య తర్వాత చెప్పాడు. పెద్దులు తన చేతిసంచీ, తువాల తీసుకుని వానలో ఎవరిదో ఆటో ఎక్కి ఎయిర్‌పోర్టుకు పోయాడు. గేటు మూసి ఉంది. ఆ రోజు విమానం లేదు. కాపలా ఉన్న మనిషి హిందీలో అడిగితే ఈయన వరంగల్, వరంగల్ అన్నాడు, మూడు వేళ్లు చూపించాడు. కాపలా మనిషి మంచివాడు. కాలుతున్న ఒళ్లు చూసి రేకుల కింద కుర్చీ వేసి కూచోబెట్టాడు, వేడి చాయ ఇచ్చాడు. పెద్దులు చాయ తాగి, గిలాసను రేకుల నుంచి కారే వాననీళ్ల కింద పెట్టి కడిగి మరీ ఇచ్చాడట. పోశయ్య పోయేసరికి కొండల వైపు, ఆకాశంలోకి చూస్తున్నాడు.

"అన్నా, పోదాం పా అంటె నా చెయ్యి పట్టుకున్నడక్కా. గాలిమోటరు ఆలిశమైనట్టున్నది పోశిగా, ఆడ కట్టమ్మ నిలబడ్డది, నేను పోకుంటె మంచిగుండదు, తిడుతది అన్నడు."

"నవ్విండా?" అని అడిగింది కట్టమ్మ.

"నవ్విండక్కా. నవ్వుకుంటనే అన్నడు. బండిల ఏసుకోని దవాఖానకు తీస్కపోతాంటె తొవ్వలనే..."

అప్పుడు ఏడ్చింది. వాడకట్టంతా పోగయ్యేట్టు ఏడ్చింది. "నేనే ఎక్కుమంటి! మంచంల పండుకున్నోన్ని లేశి రమ్మంటి! నా నోరు పడిపోను!" అని నోటిమీద కొట్టుకుంది. ముప్పై ఏళ్లు ఆమె తిట్లన్నీ ఈ చెవిన విని ఆ చెవిన వదిలిన మనిషి, ఆమె ప్రేమగా అన్న ఒక్క మాటను పట్టుకుని లేచిపోయాడు. కట్టమ్మ చేతులు హారిక పట్టుకుంది. పెద్దవాళ్లు నీ తప్పేముంది, రాత అన్నారు. రాతకేం, అది ఎవరేమన్నా పడుతుంది.

రెండు రోజులు శవాన్ని ఐసు మీద ఉంచారు. రోడ్డు తెరుచుకోలేదు. వాన తెరిపి ఇవ్వలేదు. ఉంచే చోటు లేదు, ఇక ఉంచలేరు. పోశయ్య మాట కూడగట్టుకుని అడిగాడు.

"అక్కా... ఈడనే కానిత్తమా?"

శ్యామలమ్మ గోడమీద ఫోటోలో ఉంది. అటు చూడటానికి కట్టమ్మకు మొఖం చెల్లలేదు. కడసూపుకు అందుతడా అని అత్త అడిగినట్టే అడిగి, మూడని చూసి, తలుపు తీసి పంపించింది తానే.

"అక్కా, వీడియోల చూపియ్యన్నా?"

"వద్దు. ఫోను చూపిచ్చిందే సాలు." కొంగుతో మొఖం తుడుచుకుంది. "నీకు అన్న అసోంటోడే. తలకొరివి నువ్వే పెట్టు. ఏ యాళ్లకు పెడుతవో జెప్పు."

రేపు పొద్దున, తొమ్మిదింటికి అన్నాడు.

మర్నాడు పొద్దున కట్టమ్మ తలస్నానం చేసింది. బియ్యం కడిగి, గిన్నె మీద మూత పెట్టింది. హారిక తోడొస్తానంటే వద్దంది. రోడ్డు మీదికొచ్చి ఆటో మాట్లాడుకుని మామునూరు అంది.

ఖమ్మం రోడ్డు మీద పోయి పోయి ఆటో ఒక గోడ దగ్గర ఆగింది. గోడ ఒకచోట పడిపోయి ఉంది, లోపల రన్‌వే కనిపిస్తోంది. పగుళ్లలో గడ్డి. అవతల ఎవరివో రెండు మేకలు. సున్నం కొట్టిన కొత్త హద్దురాళ్లు. ఆమె దిగి గోడకు ఒక పక్కగా నిలబడింది. కుడిపక్కగా, ఎడమవైపు ఒక మనిషి పట్టే జాగా వదిలి.

వాన లేదు. ఇక్కడ ఎండ కాస్తోంది. తొమ్మిదయింది. అక్కడ ఇప్పుడు అంటించి ఉంటారు అనుకుంది. మాటిచ్చినట్టే నిలబడింది. కూచోలేదు, కొంగు కప్పుకోలేదు. మేకలు దగ్గరకొచ్చి చూసి పోయాయి. ఎండ నెత్తికెక్కింది. ఒకసారి చాలా ఎత్తున, తెల్లగా, ఎటో పోయే విమానం ఒకటి కనిపించి మాయమైంది. దాన్ని చూసి ఆమె తల కూడా ఎత్తలేదు. ఇక్కడ దిగేది కాదని ఇప్పుడు ఆమెకు తెలుసు.

ఆటో పిలగాడు మొదట విసుక్కున్నాడు, తర్వాత భయపడ్డాడు, ఆఖరుకు నీళ్ల సీసా పట్టుకుని దగ్గరకొచ్చాడు.

"అమ్మా, మూడు గంటల సంది నిలబడ్డవు. ఈడ విమానాలు దిగయి. ఎవరి కోసం?"

"మా ఆయన వస్త అన్నడు."

పిలగాడు ఖాళీ రన్‌వే చూశాడు, ఆమె మొఖం చూశాడు. ఏదో ఒకటి అనాలని అడిగాడు.

"ఎంత దూరం కెల్లి రావాలమ్మా?"

కట్టమ్మ నీళ్లు తీసుకుంది. రెండు గుక్కలు తాగి సీసా మూత పెట్టింది.

"రెండు వేల ఇరవై కిలోమీటర్లు" అంది. పోయి ఆటోలో కూచుంది.